బొటనవేలికి గుర్తున్న నోరు

మా బావ ఎవరినైనా మొదటిసారి కలిస్తే కళ్ళల్లోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. అందుకని ఆయనతో మాట్లాడేవాళ్ళు రెండో మాటకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఒకసారి మా ఆవిడ తరఫు పెద్దాయన పోతే పరామర్శకి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ ఇంటిల్లిపాదీ వరసగా కూర్చుని ఏడుస్తుంటే బావ నా చెవి దగ్గరకి వంగి, “చూశావా, అందరికీ కింది పళ్ళు ముందుకే ఉన్నాయి. వంశం” అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. దగ్గులోకి మళ్ళించబోయాను గానీ అది దగ్గులా రాలేదు. ఆ ఇంటివాళ్ళు నన్ను ఇప్పటికీ పలకరించరు.

ఆయన పని అలాంటిది మరి. పళ్ళ డాక్టర్లు పేషెంటు నోట్లో ముద్దలాంటి మందు పెట్టి కొలత తీస్తారు. ఆ కొలత బావ ల్యాబుకి వస్తుంది. ఆయన అందులో ప్లాస్టరు కలిపి పోస్తాడు. ఆరాక విడదీస్తే ఆ మనిషి పై దవడ ఒకటి, కింది దవడ ఒకటి, తెల్లటి అచ్చులుగా చేతికొస్తాయి. డాక్టర్లు లెక్కలు వేసుకునేది వాటిమీదే, బావ ప్లేట్లూ కట్టుడు పళ్ళూ చేసేది వాటిమీదే. ల్యాబు అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. ఫోటో స్టూడియో వెనకాల రెండు మెట్లు దిగితే వచ్చే పొడుగాటి గది. ఒక గోడంతా అరలు, అరల నిండా నోళ్ళు. ముప్ఫై ఏళ్ళ నోళ్ళు. కొత్తగా వెళ్ళినవాళ్ళకి అవన్నీ తమని చూసి నవ్వుతున్నట్టుంటాయి. నాకు మొదటి ఏడాది అలాగే ఉండేది. తరవాత అలవాటైంది. ఈ మధ్య మళ్ళీ అలాగే ఉంటోంది.

వీధిలో ఆయన్ని అందరూ సుద్దాయన అంటారు. కనుబొమల మీద, చెవి మడతల్లో, చొక్కా కాలరు లోపల ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. స్నానం చేసి వచ్చినా ఉంటుంది. మా అక్క ఆయన భార్య. ఆ వీధి చివరి పళ్ళ క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చునేది నేను. పేర్లు రాసుకుంటాను, పిలుస్తాను, భయపడేవాళ్ళకి పాత వారపత్రికలిస్తాను, కొలతలు బావకి మోస్తాను, అచ్చులు డాక్టరమ్మకి మోస్తాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ప్రతి వస్తువూ నా చేతుల మీదుగానే నడిచింది. ఆ మాట ముందే ఒప్పుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

పై అచ్చూ కింది అచ్చూ ఉన్నంత మాత్రాన సరిపోదు. అవి రెండూ ఎక్కడ ఎలా కలుస్తాయో తెలియాలి. అందుకోసం డాక్టర్లు మెత్తబెట్టిన మైనం పట్టీ ఒకటి పేషెంటు పళ్ళ మధ్య పెట్టి కొరకమంటారు. పై పళ్ళ గుర్తులు పట్టీకి పైన, కింది పళ్ళ గుర్తులు కింద పడతాయి. ల్యాబులో ఆ పట్టీ మధ్యలో పెట్టి అచ్చులు కలిపితే నోరు ఎలా మూసుకుంటుందో అచ్చులూ అలాగే మూసుకుంటాయి. ఈ పని చేసేవాళ్ళందరిదీ ఇదే పద్ధతి. బావది తప్ప.

బావకి మైనమంటే చులకన. “ఆ కుర్చీలో కూర్చున్నవాడు భయంతో కొరుకుతాడోయ్. అడ్డదిడ్డంగా కొరుకుతాడు. మైనంలో కనబడేది వాడి భయం, వాడి నోరు కాదు” అనేవాడు. ఆయన అచ్చులు రెండూ చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకుంటాడు. ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి రాసుకున్న పళ్ళమీద సన్నగా, నున్నగా అరిగిన మచ్చలుంటాయి. బొటనవేలు ఆ మచ్చల వెంట నడిచి, పైదానికి కిందిది వెతుక్కుంటుంది. దొరికాక అచ్చుల్ని చెవి దగ్గర పెట్టుకుని మూస్తాడు. టక్. ఒకటే చప్పుడు రావాలి. రెండొస్తే కుదరనట్టు. ఒక్క చప్పుడు తేలాక రెండు అచ్చుల వెనకభాగాన్నీ కలిపి పట్టుకుని తిరిగే చక్రంమీద సమంగా అరగదీస్తాడు. ఆ తరవాత ఆ జంటని బల్లమీద ఎవరు నిలబెట్టినా బావ కలిపినట్టే కలుస్తుంది. ఇంకోలా కలవదు.

మైనం పట్టీ ఏమవుతుందంటే, పక్కనే చిన్న స్టవ్ మీద గిన్నె ఉంటుంది. అందులో పడుతుంది. కరిగితే మళ్ళీ పనికొస్తుంది. బావ చూడకుండానే వేస్తాడు. గురి తప్పడు. “నీకు క్రికెట్లో చోటిచ్చుంటే దేశం బాగుపడేది బావా” అని నేను మెచ్చుకునేవాణ్ణి.

ముప్ఫై ఏళ్ళలో ఎవరూ వేలెత్తి చూపలేదు. మా డాక్టరమ్మ అయితే, “మాస్టారి టక్కు మీద నాకున్న నమ్మకం ఎక్స్‌రే మీద కూడా లేదు” అనేది. పట్టీ ప్రకారమే చేస్తున్నాడని ఆవిడ అనుకుంటోందని నాకు తెలుసు. చెప్పడం నా పని అనిపించలేదు.

పోయిన చలికాలంలో అక్క పళ్ళు దారం తెంపడం మానేశాయి. అక్క చొక్కాలు కుట్టే కార్ఖానాలో బొత్తాల బల్ల దగ్గర పనిచేస్తుంది. బొత్తం కుట్టడం, ముడి వెయ్యడం, ముందుపళ్ళతో పుటుక్కున తెంపడం. రోజుకి కొన్ని వందలు. ఒకరోజు క్లినిక్కుకి వచ్చి నా బల్లమీద మోచేతులు ఆనించింది.

“దారం తెగట్లేదురా. నమిలి నమిలి తడిసి ముద్దవుతోంది గానీ తెగట్లేదు.”

“దారం మార్చారేమోనే.”

“దారం అదే. పళ్ళే ఒకదాన్నొకటి అందుకోవట్లేదు. పక్కబల్ల ఆవిడ, మన ఎలుక ముసలిదైపోయింది అని అందరికీ చెప్పి నవ్విస్తోంది.”

ఆ రాత్రి ఇంట్లో ఈ మాట విని బావ కూడా నవ్వాడు. “కత్తెర అని ఒక వస్తువుంది, ఎప్పుడైనా విన్నావా?”

“కత్తెర తియ్యడం, కొయ్యడం, పెట్టడం. ఆలోపు నేను రెండు బొత్తాలు కుడతాను. మీ సుద్దముక్కల సంగతి మీరు చూసుకోండి” అంది అక్క.

డాక్టరమ్మ చూసింది. ఎడమపక్క వెనకపళ్ళు పూర్తిగా కలవడం లేదంది. కొలతలు తీసింది, మైనం కొరికించింది. నేను తీసుకెళ్ళి బావకిచ్చాను.

ఆ రోజు బావ కళ్ళు కూడా మూసుకోలేదు. పెళ్ళైన కొత్తలో, పని నేర్చుకునే రోజుల్లో, ఆయనకి చేతికందిన నోరు అక్కదే. ఒక్క నెలలో పదకొండు సార్లు కొలత తీశాడు. కొత్త పెళ్ళికూతురు నోటినిండా ముద్ద పెట్టుకుని, చొంగ తుడుచుకుంటూ కూర్చుంటే మా అమ్మ చూసి, “అల్లుడుగారు నా కూతురి నోరు మూయించడానికి భలే ఉపాయం కనిపెట్టారు” అంది. కాబట్టి ఆ అచ్చులు చేతిలోకి రాగానే బావ కబుర్లు చెబుతూనే కలిపేశాడు. టక్. “ఈ నోరు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందిరా” అన్నాడు. పట్టీ గిన్నెలో పడింది.

ఆ పట్టీ ఎడమపక్క మందంగా ఉంది. కుడిపక్క కాగితంలా నలిగి, ఎడమపక్క నలగకుండా ఉంది. ఆయన చేతిలో పెడుతున్నప్పుడు నాకు కనబడింది. నేనేమీ అనలేదు.

అచ్చులు చూసి డాక్టరమ్మ చాలాసేపు తలగోక్కుంది. “నోట్లో చూస్తే పళ్ళు కలవట్లేదు. అచ్చులో చూస్తే ఇంత చక్కగా కలుస్తున్నాయి. అంటే పళ్ళు చోటులోనే ఉన్నాయి, ఏదో ఒక పన్ను ముందుగా తగులుతుంటే దవడ తప్పించుకుని పక్కకి పోతోంది. అలా అలవాటు పడిపోయారు” అంది. రెండు నెలలు చూసి, మళ్ళీ కొలతలు తీసింది. రెండోసారి పట్టీ ఇంకా మందంగా ఉంది. అదీ గిన్నెలోకే వెళ్ళింది. రెండో జత అచ్చులు మొదటి జతకి కవలల్లా ఉన్నాయి. “చూశారా, ఏమీ మారలేదు” అని డాక్టరమ్మ నిశ్చింతగా నిర్ణయించేసింది. రెండు పళ్ళు తీసెయ్యాలి, చోటు చెయ్యాలి, ఏడాదిన్నర క్లిప్పులు పెట్టాలి.

“నలభై ఎనిమిదేళ్ళ దాన్ని, ఇప్పుడు నాకు క్లిప్పులా?” అంది అక్క. “కార్ఖానాలో నన్ను బడికి పంపిస్తారు.”

“రెండు జడలు కూడా వేసుకో, సరిపోతుంది” అన్నాను.

“నీ నెత్తిమీద ఒక్కటి వెయ్యడానికైనా ఉందేమో ముందు చూసుకో” అంది.

ఇలా నవ్వుకుంటూ నాలుగు నెలలు గడిపాం. నాకిప్పుడు తలచుకుంటే ఒళ్ళు చల్లబడేది ఆ నవ్వులకే.

ముందుగా తగిలే పన్ను ఏదో తనే పట్టుకుందామని బావకి పట్టుదల పుట్టింది. పళ్ళ డాక్టర్ల దగ్గర పలచటి నీలికాగితం ఉంటుంది. దాన్ని పళ్ళ మధ్య పెట్టి కొరికితే తగిలినచోట పంటిమీద నీలిమచ్చ పడుతుంది, కాగితానికి సూదిమొనంత చిల్లు పడుతుంది. బావ ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళి, ఆదివారం ఆదివారం పొద్దున వంటింటి కిటికీ దగ్గర అక్కని నిలబెట్టి కొరికించేవాడు. ఒక ఆదివారం నోరు కడుక్కునేలోపు గ్యాస్ బండ తెచ్చినాయన తలుపు కొట్టాడు. అక్క మర్యాదగా నవ్వింది. ఆయన బండ వదిలేసి రెండు మెట్లు వెనక్కి దిగాడు. ఆ నెలంతా మా ఇళ్ళల్లో అదే కబురు. కొరికిన కాగితాల్ని బావ తేదీ రాసి ఒక నోటుపుస్తకంలో దాచేవాడు. అలా ఎనిమిది ఆదివారాలు.

గురువారం పళ్ళు తీసేస్తారనగా మంగళవారం మధ్యాహ్నం మూడోసారి కొలతలూ పట్టీ తీసుకుని ల్యాబుకి వెళ్ళాను. మెట్లు దిగుతుంటే చక్రం చప్పుడు లేదు. ఆ గదిలో చక్రం ఆగితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అంతవరకూ నాకు తెలియదు. బావ కిటికీ అద్దానికి ఎనిమిది కాగితాలూ వరసగా అంటించి వాటి ఎదురుగా నిలబడి ఉన్నాడు. వెలుతురు చిల్లుల్లోంచి చుక్కలుగా వస్తోంది.

“లెక్కపెట్టు” అన్నాడు.

మొదటి కాగితంలో తొమ్మిది చుక్కలు. తరవాతిదాంట్లో తొమ్మిదే. తరవాత ఏడు. ఆరు. ఆరు. నాలుగు. మూడు. చివరిదాంట్లో రెండు, రెండూ కుడిపక్కే.

“సరిగ్గా కొరికి ఉండదు బావా.”

“నేనే దగ్గరుండి కొరికించాను.” ఆయన గొంతు మామూలుగానే ఉంది. “ఒక పన్ను అడ్డంగా ఉంటే చుక్కలు అక్కడక్కడే ఉంటాయి. ఇవి తగ్గిపోతున్నాయి. పట్టీ ఇలా ఇవ్వు.”

నాకు తెలిసి ఆయన మైనం పట్టీని అడిగి తీసుకోవడం అదే మొదలు. కొత్త అచ్చులు పోశాడు. ఆరాక పట్టీ మధ్యలో పెట్టి అచ్చులు కలిపాడు. కుడిపక్క పళ్ళు తగిలాయి. ఎడమపక్క తెరుచుకునే ఉంది. బావ జేబులోంచి అగ్గిపుల్ల తీసి ఆ సందులో దూర్చాడు. పుల్ల అటునుంచి ఇటు వచ్చేసింది, ఏ పంటికీ తగల్లేదు. కింది ముందుపళ్ళ మధ్యగీత పైగీతకి ఒక పన్ను దూరం పక్కకి జరిగి ఉంది.

“ఇది దాని నోరు కాదు” అన్నాడు బావ.

తరవాత పట్టీ తీసేసి, చేత్తో తన పద్ధతిలో కలిపాడు. టక్. ఎంత అందంగా కలిశాయో. మళ్ళీ పట్టీ పెట్టాడు. మళ్ళీ అగ్గిపుల్ల దూరింది. నాలుగైదుసార్లు అలా చేశాడు. చివరికి, “ఇదే దాని నోరు” అన్నాడు. “పళ్ళు కదిలితే అరిగినచోటికి అరిగినచోటు దొరక్కూడదు. దొరుకుతోంది. అంటే పళ్ళు కదల్లేదు. దవడే కదిలిపోతోంది. నెలనెలా.”

“ఎందుకు?”

“ఎందుకో నాకేం తెలుసు? నేను సుద్ద కలిపేవాణ్ణి.”

“డాక్టరమ్మకి చెబుదాం, పద.”

“పట్టీ వేడికి వంగిందేమో. నువ్వు ఎండలో తెచ్చావు.” ఆ మాట అనేసి, నా మొహంలోకి చూశాడు. కళ్ళల్లోకే చూశాడు. “గురువారం దాకా ఆగు. నాకు కాస్త ఆలోచించుకోనివ్వు.”

ఆలోచించుకోవడానికి ఏముందో నాకు తెలుసు. చెప్పాలంటే అక్క దవడ గురించి ఒక్కటే చెబితే చాలదు. పన్నెండేళ్ళుగా డాక్టరమ్మ పంపిన పట్టీల సంగతి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ అరలు ఆ గోడకి ఉన్నాయి. బావ వాటివైపు వీపు పెట్టి కూర్చున్నాడు. చెప్పకపోతే గురువారం అక్క పళ్ళు రెండు ఊడతాయి, తీగలు బిగుస్తాయి, దవడని కదిలిస్తున్నదేదో ఏడాదిన్నర ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది. నేను ఆగాను. బుధవారమంతా బల్ల దగ్గర కూర్చుని పేర్లు తప్పు పిలిచాను. ఒకాయన్ని ఆడపేరుతో పిలిస్తే ఆయన లేచి వచ్చి, “నా గడ్డం కనబళ్ళేదా” అన్నాడు. సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. అక్క యాపిల్ ముక్కలు కుడిపక్క నములుతోంది. గడ్డం కొద్దిగా కుడివైపుకి ఉంది. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న మొహం. బావ మాత్రం పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఒకే పేజీ చదువుతున్నాడు.

గురువారం పదిన్నరకి అక్క కుర్చీలో పడుకుంది. డాక్టరమ్మ చిగుళ్ళకి మత్తుమందు రాసిన దూది పెట్టి, సూది చేతిలోకి తీసుకుంది. బావ ఇంకా రాలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఇక నేనే చెప్పాలనుకుంటున్నాను, నోరు తెరవలేకపోతున్నాను. అప్పుడు బావ వచ్చాడు. పన్నెండేళ్ళలో ఆయన ఆ క్లినిక్కు ముందు తలుపులోంచి రావడం అదే మొదటిసారి. నల్లటి నేలమీద గుమ్మం నుంచి కుర్చీదాకా తెల్లటి అడుగులు పడ్డాయి.

“పీకకండి, డాక్టరమ్మా.”

“ఏంటి మాస్టారూ, ఆవిడకంటే మీకే భయంగా ఉన్నట్టుంది” అని డాక్టరమ్మ నవ్వింది.

బావ సంచిలోంచి రెండు జతల అచ్చులు తీసి ట్రేలో, పటకార్ల పక్కన పెట్టాడు. “ఇది నేను మీకు పంపే నోరు. ఇది ఆవిడకున్న నోరు.”

డాక్టరమ్మ రెండోది చేతిలోకి తీసుకుంది. నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. సూది పక్కన పెట్టేసింది.

“ఇది ఎప్పట్నుంచి?”

“మొదటి పట్టీ, రెండో పట్టీ ఉంటే తెలిసేది.”

“ఏవీ అవి?”

“కరిగించేశాను.”

“ఈవిడవా?”

“అందరివీ అమ్మా. నేను మైనం చూడను. చేత్తో కలుపుతాను. మొదట్నుంచీ అంతే.”

గదిలో ఉమ్ము లాగే గొట్టం ఒక్కటే గురగురమంటోంది. అక్క నోట్లో దూదితోనే, “ఏంతత?” అంది. ఏంటట అని. మామూలప్పుడైతే ఆ “ఏంతత” మా ఇంట్లో ఏడాదిపాటు నడిచేది.

ఆ గంటలోనే పెద్ద ఎక్స్‌రే తీశారు. చెవికి ముందు, దవడ తిరిగేచోట, ఎముక కొస గుబ్బలా ఉంటుంది. కుడిపక్క అది చిటికెనవేలి కొసంత ఉంది. ఎడమపక్కది బొటనవేలంత ఉంది, అంచులు గరుకుగా. “ఇది పళ్ళ సంగతి కాదు” అంది డాక్టరమ్మ. “ఇక్కడ ఏదో పెరుగుతూ దవడని తోసేస్తోంది. నేను వెంటనే పెద్దాసుపత్రికి రాస్తున్నాను.” ఆవిడ బావని ఒక్క మాట అనలేదు. కాగితం రాస్తూ తలెత్తలేదు, అంతే. మాస్టారూ అని మాత్రం పిలవలేదు.

ఆ వారం ఆవిడ పాత ఫైళ్ళు పదకొండు బయటికి తీసింది. పళ్ళు కలిసే తీరులో అనుమానం ఉన్నవి. మళ్ళీ ఒకసారి చూపించుకోమని ఫోన్లు చేసే పని నాది. ఒక పెద్దాయన, “ఇప్పుడు నా నోట్లో పళ్ళే లేవు, ఏం చూస్తారయ్యా?” అన్నాడు. ఏడుగురు వచ్చారు, బాగానే ఉన్నారు. ఇద్దరు ఊళ్ళు మారిపోయారు. ఒక నంబరు మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు. ఇప్పటికీ వారానికోసారి చేస్తుంటాను.

పెద్దాసుపత్రిలో సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న, ఎంత వేగంగా పెరుగుతోంది అని. నెమ్మదిగా పెరిగేదైతే ఒక రకం, తొందరగా పెరిగేదైతే ఇంకో రకం అట. పాత కొలతలేమైనా ఉన్నాయా అన్నాడు. బావ నోటుపుస్తకం తీసి ఇచ్చాడు. సర్జన్ ఆ నీలికాగితాలు ఒక్కొక్కటే దీపానికి పట్టి చూశాడు. రెండు నెలలు, తొమ్మిది నుంచి రెండు. తొందరగానే పెరుగుతోంది అనలేదు. “తీసేద్దాం. ఈ నెలలోనే” అన్నాడు. గడ్డ ఎలాంటిదో తీసి పరీక్షకి పంపితేగాని తెలియదన్నాడు. గుబ్బ తీసేశాక దవడని కొత్తచోట నిలబెట్టాలి కాబట్టి, ఆపరేషన్‌లో పళ్ళ మధ్య పెట్టి బిగించడానికి ఒక ప్లేటు ముందే చేయించుకు రమ్మన్నాడు. అది వెంట్రుకవాసి తేడా వచ్చినా నోరు జీవితాంతం వంకరగానే మూసుకుంటుందట.

క్లినిక్కులో కొత్త కొలతలు తీశారు, దవడ ఎక్కడ నిలబడాలో సర్జన్ చెప్పిన ప్రకారం మైనం కొరికించారు. పట్టీ చల్లటి నీళ్ళ డబ్బాలో పెట్టి బల్లమీద ఉంచారు. అందరం ఆ డబ్బా చుట్టూ నిలబడ్డాం.

బావే ముందు మాట్లాడాడు. “ఈసారి పట్టీ ప్రకారమే చేస్తాను. ఇక్కడే, మీ ఎదురుగా కూర్చుని చేస్తాను. మీరు ప్రతిదీ కొలుచుకోండి.”

“వద్దు” అంది అక్క.

బావ ఆవిడవైపు తిరిగాడు.

“కోపంతో అనట్లేదండీ” అంది అక్క. కింది పెదవి ఒకపక్కకి లాగుతోంది, మాట కాస్త నెమ్మదిగా వస్తోంది. “మీకు నా నోరు బాగా గుర్తు. పెళ్ళైనప్పటి నోరు. మీరు పట్టీ పెట్టినా కళ్ళు దాన్ని చూస్తుంటాయి, చెయ్యి పాత చోటికే పోతుంది. ఇప్పుడున్న నోరు మీకు తెలీదు. అసలు నన్ను ఎరగనివాళ్ళతో చేయించండి.”

“ముప్ఫై ఏళ్ళుగా…” అన్నాడు బావ.

“అదే చెబుతున్నా.”

అక్క చెయ్యి బావ మోచేతిమీదే ఉంది. ఆయన చొక్కామీంచి పొడి ఆవిడ వేళ్ళకి అంటుకుంటోంది, ఆవిడ తుడుచుకోలేదు. కాసేపటికి బావ డబ్బా తీసుకుని నాకు ఇవ్వకుండా తనే రెండు వీధుల అవతలి ల్యాబుకి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. ఆ ల్యాబతను ఒకప్పుడు బావ దగ్గరే పని నేర్చుకుని, గొడవపడి వెళ్ళిపోయినవాడు.

“ఏంటి గురూగారూ, దారి తప్పారా? మీ వేళ్ళకి సెలవిచ్చారా?” అన్నాడతను.

“మైనం ప్రకారం చెయ్యి. చేత్తో చూడొద్దు.”

“మీరేనా ఈ మాటనేది? ఇంతకీ ఎవరిది?”

“ఒక పేషెంటుది” అన్నాడు బావ.

అతను ఇంకో హాస్యానికి నోరు తెరిచి, బావ మొహం చూసి డబ్బా అందుకున్నాడు.

ఆపరేషన్ రోజు పొద్దున ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాం. అక్క ఆకుపచ్చ గౌను వేసుకుని మంచంమీద కూర్చుంది. నాతో, “కార్ఖానాలో నా బల్ల ఆ పక్కబల్లావిడ ఆక్రమించేసిందట, వచ్చాక దాని సంగతి చూస్తాను” అంది. నేను నవ్వాను. పక్కనే స్టీలు ట్రేలో గుడ్డ కింద ప్లేటు ఉంది. గుడ్డ ఎత్తితే కనబడుతుంది. బావ దానివైపు ఒక్కసారి చూసి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. అక్కని తీసుకెళ్ళేదాకా తియ్యలేదు.

నాలుగు గంటలు పట్టింది. ఆ వరండాలో గోడగడియారం ఆగిపోయి ఉంది, దానివైపు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బావ ఒక్కసారి కూడా లేవలేదు. మా ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఎవరో ఆవులించారు, నవ్వుకున్నారు, ఏడ్చారు. ఆయన ఎవరి నోట్లోకీ చూడలేదు.

పదకొండున్నరకి సర్జన్ దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు ఒకడు బయటికొచ్చాడు. గుబ్బ మొత్తం వచ్చేసిందన్నాడు. ప్లేటు చక్కగా కూర్చుంది, నోరు బాగా మూసుకుందన్నాడు. నేను లేచి అతని చెయ్యి పట్టుకున్నాను. బావ కూర్చునే ఉన్నాడు.

“తీసింది ఎక్కడుంది?” అన్నాడు.

“పరీక్షకి పంపిస్తున్నామండి. పది రోజుల్లో రిపోర్టు వస్తుంది.”

“చూస్తే ఏమనిపించింది?”

“అది ఇప్పుడు మేం చెప్పకూడదండి. ల్యాబువాళ్ళు చూసి చెప్పాలి.”

మెత్తటి అట్టపెట్టెలో మూతపెట్టిన సీసా పట్టుకుని ఒక నర్సు మా ముందునుంచే వెళ్ళింది. బావ లేచి రెండడుగులు ఆమె వెనక వేసి ఆగాడు. తిరిగి కుర్ర డాక్టరు దగ్గరకొచ్చాడు.

“ఆ ల్యాబులో చూసేవాళ్ళకి ఈవిడ ఎవరో తెలుసా?”

“తెలీదండి. సీసామీద పేరు కూడా ఉండదు, నంబరే.”

“ఇదివరకు ఎలా ఉండేదో…”

“ఏమీ తెలీదు. కంటికి కనబడిందే రాస్తారు.”

“మంచిది” అన్నాడు బావ. బల్లమీద నా పక్కన కూర్చుని, “అదే మంచిది” అని ఇంకోసారి అన్నాడు. నర్సు వరండా చివర మలుపు తిరిగింది. పదో రోజు సోమవారం అవుతుందని నేను వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాను.